మళ్లీ ఒకటో రోజు

ఓబులేసు లెక్క మళ్లీ ఒకటికొచ్చింది. ఇది నాలుగోసారి.

కడప వైపు ఒక ఊరి చివర, గుట్ట కింద, జమాల్ సాహెబనే ముసలి ఫకీరు ఉండేవాడు. కులం మతం పట్టింపు లేకుండా ఊరంతా ఆయన్ని సాయిబు తాత అని పిలిచేది. రోజూ కోడి కూసే వేళకి ఆయన గుడిసెలో పదిమంది చేరి, కళ్లు మూసుకుని గంటసేపు దేవుణ్ణి తల్చుకునేవాళ్లు. నలభై రోజులు ఒక్కటి కూడా తప్పకుండా వచ్చినవాడికి తాత చెవిలో ఒక మాట చెప్పేవాడు. మధ్యలో ఒక్కరోజు పోయినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సిందే. జ్వరమొచ్చిందన్నా, చుట్టాలొచ్చారన్నా తాత నవ్వేవాడే గాని లెక్క మార్చేవాడు కాదు.

ఓబులేసుకి ఆ మాట మీద పెద్ద ఆశ. తాతకి ఎనభై దాటాయి. ఈ చలికాలం గడిస్తే ఇంకెవరికీ చెప్పలేనేమో అని ఆయనే ఒకరోజు అన్నాడు. అప్పట్నుంచి ఓబులేసుకి గుండెల్లో గుబులే.

మొదటిసారి పన్నెండో రోజు తప్పింది. తర్వాత ఇరవై రెండు. ఆ తర్వాత తొమ్మిదికే. ఈసారి ముప్పై రోజులు నిండాయి, ముప్పై ఒకటో రోజు తప్పింది. నాలుగుసార్లకీ కారణం ఒక్కడే, దస్తగిరి.

దస్తగిరి చెడ్డవాడు కాదు. ఆ సంగతి ముందే చెప్పాలి. ఓబులేసుకి చిన్ననాటి నుంచి స్నేహితుడు. ఓబులేసు వాళ్లమ్మ పోయిన రోజు, కాల్లో ముల్లు దిగి చీము పట్టి ఉన్నా, కుంటుకుంటూ శ్మశానం దాకా పాడె మోశాడు. వాడికి అరెకరం తమలపాకు తోట ఉంది. బావి నలుగురు పాలివాళ్లది. దస్తగిరి వంతు తెల్లవారుజామున. ఆ వేళ దాటితే నీళ్లు ఇంకొకరివైపోతాయి. దస్తగిరికేమో నిద్రంటే ప్రాణం.

పోయిన వానాకాలంలో వాడికి జ్వరమొస్తే ఓబులేసే తనంతట తాను పోయి వారం రోజులు తోటకి నీళ్లు పెట్టాడు. అందులో తప్పుపట్టేదేమీ లేదు. జ్వరం తగ్గింది గాని ఓబులేసుకి నీళ్ల పని తప్పలేదు. ఈ ఒక్కరోజు పోరా అని దస్తగిరి అనడం, సరేలేరా అని ఓబులేసు పోవడం. కొన్నాళ్లు వాడి కంటబడకుండా చుట్టుదారిన తిరిగాడు కూడా. వాడు అత్తగారి ఊరు పోయి, తోటని బావమరిదికి అప్పగించబట్టి ఈసారి లెక్క ముప్పై దాకా నడిచింది.

నిన్న సాయంత్రం దస్తగిరి తిరిగొచ్చాడు. వస్తూనే, "ఒరేయ్ ఓబులేసూ, ఈ చలికి నేను లేయలేను. ఎండాకాలం దాకా పొద్దున నీళ్లు నువ్వే చూసుకోరా" అన్నాడు. కాదంటాడేమో అన్న అనుమానం కూడా వాడి ముఖంలో లేదు. ఓబులేసు చూద్దాంలేరా అన్నాడు. తెల్లారేసరికి తోటలో ఉన్నాడు.

స్నేహితుడి కోసమే కదా, ఇదీ దేవుడి పనే అని సర్దిచెప్పుకున్నాడు. నీళ్లు పెడుతున్నంతసేపూ మాత్రం లోపల తిట్టుకుంటూనే ఉన్నాడు. దేవుడి పని అట్లా ఎవరూ చేయరు.

పొద్దెక్కాక గుట్ట కిందికి పోయాడు. తాత ఎండలో కూర్చుని బొంతకి అతుకు వేస్తున్నాడు.

"తాతా, నాకొక సాయం చెయ్యాల."

"చెప్పు నాయనా."

"దస్తగిరికి నువ్వొక మాట చెప్పు. పొద్దున పూట నన్ను పిలవద్దని. నువ్వు చెప్తే వాడు ఏమీ అనుకోడు. నేను చెప్తే మనసు కష్టపెట్టుకుంటాడు."

తాత దారం పంటితో కొరికాడు. "నేను చెప్పను" అన్నాడు.

ఓబులేసు తర్వాతి మాట కోసం చూశాడు. కాదనేవాళ్లు ఎవరైనా దాని వెనక నాలుగు కారణాలు చెప్తారు. తాత ఒక్కటీ చెప్పలేదు. సూది చేతికిచ్చి, "దారం ఎక్కించు. నాకు కండ్లు ఆనడంల్యా" అన్నాడు.

ఓబులేసు ఎక్కించి ఇచ్చాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. "ఒక్క మాటే కదా తాతా."

"చెప్పను నాయనా." గొంతు పెరగలేదు, తగ్గలేదు.

ఓబులేసు ముఖం చిన్నబోయింది. ముక్కూముఖం తెలియని వాళ్లకి కూడా అడిగిందల్లా చేసే మనిషి, తనకి మాటసాయం చెయ్యలేకపోయాడా? ఆయన గుడిసెకి బోదగడ్డి కప్పింది ఎవరు, తను కాదా? ఏడుపొచ్చినంత పనైంది.

తాత లోపలికి పోయి జొన్నరొట్టె, వేరుశనగ పచ్చడి తెచ్చాడు. రొట్టె విరిచి పెద్ద ముక్క ఓబులేసుకిచ్చాడు. వాడు తల దించుకుని తింటుంటే ఇంకాస్త పచ్చడి వేశాడు. తిన్నాక, ఎప్పటిలాగే కంచె దాకా సాగనంపడానికి వచ్చాడు.

"నామీద కోపమొచ్చిందా?"

"వచ్చింది తాతా."

"రేపు వస్తావా?"

"రాకుండా యాడికి పోతా?"

తాత వాడి భుజం తట్టి బొంత దగ్గరికి వెళ్లిపోయాడు. ఓబులేసు మాత్రం చాలాసేపు ఆ కంచె దగ్గరే నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి తిన్నగా ఆకుతోటకి పోయాడు. దస్తగిరి నీడలో కూర్చుని తమలపాకులు పేర్చి అరటినారతో కట్టలు కడుతున్నాడు.

"రారా. నీకే కబురు పంపుదామనుకుంటాండా. రేపు కాస్త ముందరే పో. ఆ చివరి సాళ్లకి నీళ్లు సరిగా అందలేదు."

ఓబులేసు ఎదురుగా కూర్చున్నాడు.

"రేపట్నుంచి నేను రానురా."

"ఏం, ఊరికి పోతాండావా?"

"లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉండాది."

దస్తగిరి చేతులు ఆగాయి. "సాయిబు తాత వద్దన్నాడా?"

అవునంటే అయిపోయేది. తాత మీద దస్తగిరికి ఎట్లాగూ కోపం రాదు.

"తాత ఏమీ అనలేదు. నేనే చెప్తాండా. ఆ పొద్దు నాకు కావాల."

దస్తగిరి ముఖం ఎర్రబడింది. "మీ అమ్మ పోయినప్పుడు నేను ఇట్లనే అన్నానేందిరా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఓబులేసు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అనలేదు. సచ్చేదాకా మర్చిపోను. అయినా రేపు రాను."

దస్తగిరి చేతిలో కట్ట పక్కకి గిరాటేసి మొహం తిప్పుకున్నాడు. లేచి పొమ్మని ఓబులేసు కాళ్లు తొందరపెట్టాయి. వాడు లేవలేదు. ఆకుల కుప్ప దగ్గరికి లాక్కుని, చిరిగినవి ఏరి పక్కన పెట్టి, మంచివి పేర్చడం మొదలుపెట్టాడు. కాసేపటికి దస్తగిరి కూడా నార చేతిలోకి తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆరేడు కట్టలు కట్టారు.

చివరికి దస్తగిరి తలెత్తకుండానే అడిగాడు.

"మరి రేపు నన్నెవరు లేపుతారురా?"

నేనొచ్చి లేపుతాలేరా అన్న మాట ఓబులేసు నాలుక చివరికి వచ్చేసింది. మింగేసి, ఇంకో కట్టకి ఆకులు పేర్చుకున్నాడు.