కర్పూరం ఆరకముందు పెట్టిన గుర్తు

మునిరత్నం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. వంగి బూట్ల లేసులు కట్టుకుంటారు. ఆ తరవాత అడిగినవాళ్ళను కొండల్లోకి నడిపిస్తారు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే కాళ్ళకైనా మంచిదేలే అని మనకు మనం సర్దిచెప్పుకోవాలి. పీలేరు నుంచి ఆదివారాలు ఆయన వెంట శేషాచలం కొండల్లో నడిచే మా బృందంలో అందరికీ ఈ సంగతి తెలుసు.

ఒక కార్తీకమాసంలో దేవసేన ఆయన్ని అడిగింది. "సార్, మన బృందానికి ఏ జీపీఎస్ కొనమంటారు?"

దేవసేన హైస్కూల్లో డ్రాయింగు టీచరు. చిన్నప్పుడు మాస్టారి దగ్గరే భూగోళం చదువుకుంది. మాస్టారి మోకాళ్ళు అరిగిపోయాయి కాబట్టి ఇకమీదట మమ్మల్ని నడిపించే బాధ్యత ఆమెకు అప్పజెప్పారు. వచ్చే ఆదివారమే ఆమె తొలి నడక, వెనక పద్నాలుగు మంది. కిందటేడు ఒక మబ్బురోజున ఆమె ఇద్దరు ఆడవాళ్ళను వెంటపెట్టుకుని దారి తప్పింది. పొద్దుగూకేలోపల బయటపడ్డారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ దిగులు ఆమెను వదల్లేదు. ఇంకొక్కసారి తప్పితే కొండ మొహం చూడనని నాతో అంది. ఆ మాట విని నాకు నిజంగా బాధేసింది. అడవిలో సెల్‌ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, అందుకని ఆమె ధైర్యమంతా కొనబోయే యంత్రం మీదే పెట్టుకుంది.

తిరుపతిలో తెలిసిన దుకాణదారు ఒకాయన రెండు యంత్రాలు చేతికిచ్చి, వాడి చూసి ఏది కావాలో చెప్పమన్నాడు. ఒకటి అరచేయంత రంగుల తెరది. వేలితో తాకితే కొండలూ వంకలూ రోడ్లూ విప్పి చూపిస్తుంది. రెండోది సబ్బుబిళ్ళంత ఉంటుంది. నలుపు తెలుపు తెర, పక్కన నాలుగు బటన్లు, వెనక రెండు పెన్సిల్ సెల్లు. మనం గుర్తు పెట్టిన చోటు ఎటు ఉందో ఒక బాణం, ఎన్ని కిలోమీటర్లుందో ఒక పెద్ద అంకె, మామూలుగా అది చూపించేది ఆ రెండే. మేమంతా వేసుకున్న చందా చిన్నదానికి సరిపోతుంది. పెద్దది కొనాలంటే తక్కువపడింది తన గాజులమ్మి వేస్తానంది దేవసేన. ఆమెను ఎగదోసినవాణ్ణి నేనే. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా నలుపు అక్షరాలే చూసినవాణ్ణి, రంగులు కనబడేసరికి మోజుపడ్డాను.

మాస్టారు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాత వంగి లేసులు కట్టుకున్నారు.

"రేపు పోయొద్దాం. ఓబులమ్మను కూడా రమ్మను" అన్నారు.

ఓబులమ్మ బస్టాండు దగ్గర మెస్సు నడుపుతుంది. ఆదివారాలు మా అందరికీ సంగటి ముద్దలు కట్టి, ఆ మూట మోసుకుంటూ తనూ నడుస్తుంది. బడి మొహం చూడలేదు కానీ కాటా మీద అంకెలు మాత్రం ఎంత దూరం నుంచైనా చదువుతుంది. బియ్యం తూకంలో ఆమెను మోసం చేసిన వ్యాపారి ఇంకా పుట్టలేదని పీలేరులో చెప్పుకుంటారు.

మర్నాడు పొద్దున్నే నలుగురం వ్యానులో బయల్దేరాం. అడవి అంచున వ్యాను ఆగేచోట పసుపు పూసిన రాయి ఒకటుంది. దాని మీద కర్పూరం వెలిగించి, ఆ మంట ఆరకముందే అడుగు ముందుకు వేయడం మా బృందంలో ఇరవై ఏళ్ళుగా ఉన్న ఆచారం. వెలుతురుండగా బయల్దేరినవాళ్ళు వెలుతురుండగానే తిరిగొస్తారని నమ్మకం. దాన్ని మొదలుపెట్టింది మాస్టారే. దేవసేన కర్పూరం వెలిగించి, గబగబా రెండు యంత్రాలూ ఆన్ చేసి, వ్యాను ఉన్నచోటని రెండింటిలోనూ గుర్తు పెట్టి, మంట ఆరేలోగా నడక మొదలెట్టింది. మాస్టారు ఆమె చేతులకేసి చూశారు.

కొంత దూరం పోయాక అడిగారు. "ఈ యంత్రం పట్టుకున్న మనిషి జారిపడితే?"

"ఇంకొకరు పట్టుకోవాల సార్."

"అయితే ఓబులమ్మకు నేర్పించు."

దేవసేన పెద్దదాన్ని నేర్పించబోయింది. ఓబులమ్మ వేలు తగిలిన ప్రతిసారీ బొమ్మ ఎటో జారిపోయేది, ఒకసారి ఏదో సముద్రం కూడా కనబడింది. చిన్నదాన్ని నేర్పించడానికి అరనిమిషం పట్టింది. బాణం ఎటు చూపిస్తే అటు వ్యాను, కింద అంకె కిలోమీటర్లు. "ఇంతేనా" అని ఓబులమ్మ దాన్ని కొంగున కట్టుకుంది. మధ్యాహ్నం వాగు ఒడ్డున సంగటి తిన్నాం. అంతవరకూ దాన్ని చూడాల్సిన పని ఎవరికీ పడలేదు.

తిరుగుదారిలో వాన పట్టుకుంది. వానతో పాటు మబ్బు కొండ మీదికి దిగింది. పది అడుగుల అవతల చెట్టు కనబడటం లేదు. దారి మూడుగా చీలినచోట మాస్టారు ఆగి, "ఇక్కణ్ణుంచి నేను లేననుకోండి" అని వెనక్కి జరిగి నిలబడ్డారు. దేవసేన పెద్ద యంత్రం తీసి, చీరకొంగుతో తెర తుడిచి తుడిచి, గుర్తు పెట్టినచోటికి దారి చూపించమని అడిగింది. పచ్చటి గీత ఒకటి చక్కగా గీసి చూపించింది. చినుకులు పడి బొమ్మ కదులుతున్నా గీత మాత్రం కనబడుతూనే ఉంది. ఓబులమ్మ కొంగు విప్పి చూస్తే చిన్నదాని బాణం కూడా అటే చూపిస్తోంది.

"రెండూ ఒకే మాట చెప్తున్నాయి, ఇంకా అనుమానం దేనికి? పదండి" అన్నాను నేను. దేవసేనకు అదే ధైర్యం.

పావుగంట నడిచాం. పొదలు పలచబడ్డాయి, కాళ్ళ కింద బండ మొదలైంది. చేతిలోని చిన్నదాన్ని చూసి ఓబులమ్మ చటుక్కున ఆగిపోయింది.

"టీచరమ్మా, ఇది అబద్ధం చెప్తాంది."

"బాణం సరిగానే ఉండాది కదా ఓబులమ్మా."

"బాణం సంగతి నాకు తెలీదు. కింద ఇరవయ్యారని ఉండాది. వ్యాను కాడి నుంచి మనం ఇరవయ్యారు కిలోమీటర్లు వచ్చింటే నా మోకాళ్ళు నాకు చెప్పవా?"

ఆమె వంగి ఒక రాయి తీసి ముందుకు విసిరింది. అది పడిన చప్పుడు చాలాసేపటికి గానీ పైకి రాలేదు. నేను కట్టుకొయ్యలా నిలబడిపోయాను. మరో ఇరవై అడుగులు వేసి ఉంటే ఈ కథ చెప్పేవాడు ఇంకెవరో అయ్యుండేవాడు.

దేవసేన చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని ఆ అంకె వంకే చూసింది. చివరికి మెల్లగా అంది. "ఇది వ్యాను కాదు ఓబులమ్మా, పీలేరులో మా ఇంటి మేడ. నిన్న సాయంత్రం అక్కడ నిలబడి రెండూ నేర్చుకున్నా. పొద్దున వీటికి ఆకాశంలోని ఉపగ్రహాలు అందకముందే తొందరపడి గుర్తు పెట్టేసినా. అవి ఆఖరున చూసిన చోటునే గుర్తు వేసుకున్నాయి." పెద్దదాంట్లోనూ ఆ ఇరవయ్యారు ఎక్కడో ఒక మూలన ఉండే ఉంటుంది. అన్ని రంగుల మధ్య అది మా ఇద్దరు చదువుకున్నవాళ్ళ కంట పడలేదు.

మరో మనిషైతే అక్కడే కూలబడి ఏడ్చేది. దేవసేన కళ్ళు తుడుచుకుంది, అవి కన్నీళ్ళో వాననీళ్ళో నేను అడగలేదు. తడి వేళ్ళతోనే చిన్నదాని బటన్లు నొక్కింది. ఆకాశం అందిన దగ్గర్నుంచి మేం నడిచిన దారినంతా అది చుక్కలు చుక్కలుగా దాచిపెట్టుకుంది. ఆ చుక్కల వెంట దేవసేన మమ్మల్ని వెనక్కి తిప్పి నడిపించింది. చీలికలు వచ్చిన ప్రతిచోటా ఆగి, చుక్కల మొదటికి ఇంకా ఎంత దూరముందో ఆ అంకెను ఓబులమ్మ చేత గట్టిగా చదివించి, అది నమ్మే లెక్కేనా అని ఆమెనే అడిగి, అప్పుడు అడుగు వేసింది. అంతవరకూ ఆమెను మాస్టారి చాటు పిల్లగానే చూశాను. ఆ గంటసేపు ఆమె వెనక నడుస్తుంటే, ఈ మనిషి వెంట ఎక్కడికైనా పోవచ్చుననిపించింది.

చుక్కలు పసుపు రాయికి రెండు వందల అడుగుల ఇవతలే ఆగిపోయాయి. యంత్రం పొద్దున కళ్ళు తెరిచింది అక్కడే. అప్పటికి రోడ్డు మీద లారీల చప్పుడు వినబడుతోంది. వాన తగ్గింది, ఇంకా వెలుతురుంది.

మాస్టారికి ఆ దారి ముందే తెలుసా, నిజంగానే మమ్మల్ని అంచుదాకా పోనిచ్చేవారా అని వ్యాను దగ్గర ఆయన్ని అడిగాను. వంగి లేసులు కట్టుకున్నారు. ఇక అడగలేదు.

తరవాత ఆయన రాయి దగ్గరికి వెళ్ళి, జేబులోంచి తడవని కర్పూరం బిళ్ళ తీసి మళ్ళీ వెలిగించారు. మంట చిన్నదై, నీలంగా మారి, పూర్తిగా ఆరిపోయేదాకా చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఇరవై ఏళ్ళు తాను నడిపిన ఆచారాన్ని శిష్యురాలి ముందు అట్లా దిద్దుకున్న గురువును నేను మరొకరిని చూడలేదు. మేమూ నిలబడ్డాం. ఆరిపోయాక ఆయన దేవసేన వైపు తిరిగి, "ఇకమీదట ఇట్లా" అన్నారు.

దేవసేన తలూపింది. రెండు యంత్రాలూ రెండు చేతుల్లో పట్టుకుని, చేతి గాజులకేసి ఒకసారి చూసుకుని అడిగింది. "రెండూ అబద్ధమే చెప్పినాయి కదా సార్. ఇంతకీ ఏది కొనాల?"

మాస్టారు వ్యాను మెట్టు మీద కూర్చుని లేసులు విప్పుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"ఓబులమ్మ దేన్ని నమ్మలేదో, అది కొనమ్మా."