నాగసాని అందుకున్న తాంబూలం

చెన్నమల్లయ్య గురువుగారికి తాంబూలం అలవాటు లేదు. భక్తులు తెచ్చే ఆకూ వక్కా అన్నీ శిష్యులే నమిలేవారు. మఠం గోడల మీది ఎర్రమరకలన్నీ వారి ఘనకార్యమే.

అలాంటి గురువుగారి ముందు ఒక ఉదయం బయ్యన్న అనే శిష్యుడు తాంబూలపు పళ్లెం తెచ్చి పెట్టాడు. ఆకుల పక్కన కత్తి ఉంది. పగవారింటి పిల్లను ప్రేమించాడతడు. సంగతి తెలిసి ఆమె అన్న కత్తి పట్టుకుని వచ్చాడు. బయ్యన్న దొరక్కపోయేసరికి అతని తమ్ముణ్ణి పొడిచి చంపాడు. ఆ సీమలో పగ తీర్చడానికి ఒక పద్ధతుంది. ఇంటిపెద్ద తాంబూలం పెడతాడు. దాన్ని ఎవరు అందుకుంటే పగ వారిది. వారు బతికుండగా మరొకరు ఆ పనికి పూనుకోకూడదు. బయ్యన్నకు తండ్రి లేడు.

“నాకు పెద్దదిక్కు మీరే. మీ చేత్తో ఇది నాకిచ్చి పంపండి. తమ్ముణ్ణి చంపినవాణ్ణి వదిలేస్తే నేను మనిషినేనా స్వామీ?”

గురువుగారు పళ్లెం వైపు ఒకసారి చూసి అడిగారు.

“ఆ పిల్లకు అన్నలెందరు?”

“ఒక్కడే.”

“కూర్చో” అని ఆయన చెప్పిన సంగతి ఇది.

కోనగడ్డ కోటను ఏలిన కోనప్ప నాయకుడి కొడుకును, పొలిమేర తగాదాలో పొరుగు కోట నాయకుడు చంపాడు. కొడుకుకు కొడుకే బదులన్నాడు కోనప్ప. పొరుగు నాయకుడికి ఉన్నది ఒక్క కొడుకు, సింగప్ప. పాపం, అతడా తగాదాలో లేనే లేడు. అతడు చేసిందల్లా కోనప్ప కూతురు నాగసానిని ప్రేమించడమే. ఆమెకూ అతడంటే ప్రాణం. తండ్రికి తెలిస్తే కూతురని కూడా చూసేవాడు కాదు.

కోనప్ప నిండు కొలువులో తాంబూలం పెట్టించాడు. బంట్లు మీసాలు సవరించుకుంటూ లేచారు. వాళ్లు లేచేలోగా తెర చాటునుంచి నాగసాని వచ్చి దాన్ని అందుకుంది.

“ఆడపిల్లవు, నీకెందుకు తల్లీ?” అన్నాడు తండ్రి.

“పోయింది మా అన్న. నాకు కాక ఇంకెవరికుంది నాయనా హక్కు?”

కొలువంతా శభాష్ అంది. కోనప్ప మురిసిపోయి తన సొంత కత్తి ఆమెకిచ్చాడు.

ఆ కత్తి ఒర దాటలేదు. తండ్రి అడిగినప్పుడల్లా “అదను చూస్తున్నాను” అనేది. వానలని ఒకసారి, శకునం బాగాలేదని ఒకసారి. కోనప్ప పళ్లు నూరాడు గానీ మరొకరిని పంపలేకపోయాడు. తాను పెట్టిన తాంబూలాన్ని తానే కాదంటే ఆ సీమలో ఎవరూ అతని ముఖం చూడరు. అడుగుతూ అడుగుతూనే ముసలివాడై పోయాడు. సింగప్ప మాత్రం పిల్లాపాపలతో బతికాడు. చంపుతానని తాంబూలం అందుకున్నాక అతణ్ణే పెళ్లాడేదెలా? నాగసానికి పెళ్లి కాకుండానే తల నెరిసింది. ఆమె పడిన బాధ చిన్నదని మాత్రం అనుకోవద్దన్నారు గురువుగారు. సింగప్ప కొడుకు పెళ్లి ఊరేగింపు పొలిమేర దాటుతుంటే ఆమె బురుజెక్కి చూసిందట. ఇన్నాళ్లకు అదను దొరికిందేమోనని కింద జనం హడలిపోయారట.

బయ్యన్న కళ్లు తుడుచుకున్నాడు. కానీ పట్టు వదల్లేదు.

“ఆమె కాపాడుకున్నది ప్రేమించినవాణ్ణి. నా తమ్ముడు ఊరికే పోవాలా స్వామీ? తాంబూలం ఇప్పించండి.”

గురువుగారు పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. తీరుబడిగా ఆకులకు సున్నం రాసి, వక్కపలుకు పెట్టి, మడిచి, తన నోట్లోనే వేసుకున్నారు. అలవాటు లేని నోరు, సున్నం ఘాటుకు ముఖం చిట్లించారు. అయినా నమిలారు. కత్తి తీసి తన చాప కిందికి తోశారు.

బయ్యన్న ఒక్క ఉదుటున లేచాడు. “మీరు... మీరు అందుకున్నారు!” అన్నాడు.

“అందుకున్నాను. ఇక ఆ పగ నాది, అదను చూసి తీరుస్తాను. మా వంశంలో అందరిదీ గట్టి ఆయుష్షేలే” అన్నారు గురువుగారు.