నీల తన బిడ్డను అందించిన రోజు

దాలయ్యను ప్రశ్న అడిగితే చేతికి జవాబు రాదు, చీపురొస్తుంది. ఆ జూలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. గొరిల్లా గుండెలు ఎందుకు బాదుకుంటుందని అడిగినవాడి చేత ఆయన వారం రోజులు గొరిల్లా గది కడిగించాడు. కడుగుతూ చూసీ చూసీ వాడే తెలుసుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా గొరిల్లాలను సాకినవాడు కాబట్టి అందరూ గురువుగారనే పిలిచేవారు. ఆయన మాటల దగ్గర మాత్రం పరమ పిసినారి.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న హైమావతికి చీపురంటే భయం లేదు. ప్రసూతి సెలవు ముగిశాక, ఐదు నెలల పాపను అత్తగారి చేతిలో పెట్టి పనిలోకి వచ్చి పది రోజులైంది. ఆ రోజు గడ్డిమోపుల కోసం పాత గొరిల్లా గదిలోకి వెళ్లింది. ఇప్పుడది సామాన్ల కొట్టు. మూడు గోడలకూ తెల్లటి పలకలు, నేల మధ్యలో కాలువ, ముందు లావుపాటి కమ్మీలు. ఆస్పత్రి గదికి జైలు తలుపు పెట్టినట్టుంది. అప్పట్లో గొరిల్లాను ఒంటరిగా ఇందులోనే ఉంచి, రొట్టె, పాలు గిన్నెలో తోసి, పొద్దున్నే గొట్టంతో నీళ్లు కొట్టేవారట. సూది వెయ్యాలంటే నలుగురు చేరి గోడకు అదిమి పట్టేవారట. ఇప్పుడైతే గొరిల్లాలకు గుంపు ఉంది, పచ్చిక ఉంది, తిండి ఆకుల్లో దాస్తే వెతుక్కుని తింటాయి. సూదికి వాటంతట అవే భుజం తెచ్చి ఇనుప వలకు ఆనిస్తాయి. హైమ మోపు భుజానికెత్తుకుని బయటికొచ్చి అడిగేసింది.

"అప్పుడు చేసింది తప్పని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు మనం చేసేది తప్పు కాదని ఎలా తెలుస్తుంది గురువుగారూ?"

దాలయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. చీపురివ్వలేదు. "ఆ మోపు నీలకి ఏసి రా," అన్నాడంతే.

ఆ గుంపులోని ఆడ గొరిల్లా నీల అప్పుడు నిండు చూలాలు. ఆ తర్వాతి మంగళవారం తెల్లారేసరికి ప్రసవించింది. కబురు వినగానే జూ అంతా పండగైపోయింది గానీ, ఆ సంబరం తొమ్మిదింటికల్లా చల్లారింది. నీలకు బిడ్డను ఎత్తుకోవడం రాదు. ఒక చేత్తో కాలు పట్టుకుని తలకిందులుగా మోస్తుంది, గడ్డి మీద పడుకోబెట్టి దూరంగా వెళ్లి కూర్చుంటుంది, బిడ్డ కీచుమంటే కంగారుగా తిరిగొస్తుంది. పాలు పట్టాలన్న ఊహే లేదు. పశువైద్యుడు పట్నాయక్ గారు గడియారం చూసుకుని తేల్చి చెప్పారు. "రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తాను దాలయ్యా. అప్పటికీ పాలు పట్టకపోతే తల్లికి మత్తు సూది కొట్టి బిడ్డను తీసేస్తాను. చూస్తూ చూస్తూ చంపుకోలేం."

"ఎందుకిలా చేస్తోంది?" అంది హైమ. ఆమెకు ఏడుపొస్తోంది.

దాలయ్య ఈసారి నోరు విప్పాడు. ఇరవై రెండేళ్ల కిందట నీల పుట్టిన రోజే దాన్ని తల్లి దగ్గర్నుంచి తీసేశారు. అప్పటి పద్ధతి అది. బోనులో పుట్టిన పిల్లకు మనిషి చెయ్యే క్షేమమని అందరూ నమ్మేవారు. దాలయ్యే దాన్ని తువ్వాల్లో చుట్టి ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య ఉయ్యాల కట్టింది. రెండేళ్లు సీసాతో పాలు పట్టి పెంచారు. నీల మరో తల్లి పాలివ్వడం ఎన్నడూ చూడలేదు.

ఆయన మాట పూర్తవుతుండగానే నీల లేచింది. బిడ్డను రెండు చేతుల్లో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చి, వల దగ్గర కూలబడి, తిండి లోపలికిచ్చే కిటికీలోంచి బిడ్డను దాలయ్య వైపు చాచింది. ఆయన ముఖంలోకే చూస్తోంది. పిల్లలకు పాలు పట్టేది ఈయనే కదా, మరి ఆలస్యం ఎందుకు అన్నట్టుంది ఆ చూపు.

"తీసుకోండి గురువుగారూ! పడేస్తుందేమో, తీసుకోండి!" అని హైమ అరిచింది.

దాలయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఒక చేత్తో రెండో మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. వెనక నిలబడ్డ హైమకది స్పష్టంగా కనబడింది.

"ఇప్పుడు నాను తీసుకున్నాననుకో తల్లీ, ఇరవయ్యేళ్లకి ఈ గుంటపిల్ల కూడా తన బిడ్డని తెచ్చి నీకే ఇస్తాది."

నీల చాలాసేపు చాచే ఉంచింది. ఎవరూ తీసుకోకపోయేసరికి బిడ్డను వెనక్కి లాక్కుని విసుగ్గా వల మీద చరిచింది. దాలయ్య కళ్లు తుడుచుకుని హైమ వైపు తిరిగాడు. "మీ పాపకి పాలిచ్చే వేళెప్పుడు?"

గంటలో అత్తగారు పాపతో ఆటోలో దిగింది. సంగతి విని ముక్కున వేలేసుకుంది. "ఏం చోద్యమే ఇది! కోతికి ఎదురుగా పసిదానికి పాలా? దిష్టి తగలదూ?" హైమ బతిమాలుకుని, నీల గదికున్న అద్దం గోడ ఇవతల పీట వేసుకుని కూర్చుంది. అద్దం అడ్డమున్నందువల్ల ఒకరి జబ్బు ఒకరికి అంటదు. పాప తల మోచేతి వంపులో పెట్టి, నీలకు కనబడేలా పక్కకు జరిగి పాలిచ్చింది.

నీల వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పాపను చూసింది, హైమను చూసింది, తర్వాత హైమ సంచీ చుట్టూ వెతికింది. సీసా కోసమే!  హైమ తన రొమ్ము వైపు వేలితో చూపించబోతే దాలయ్య ఆపాడు. "నేర్పకు. నీ బిడ్డకి నువ్వు పాలియ్యి, అంతే."

సాయంత్రం దాకా పాప ఎప్పుడు ఆకలన్నా అక్కడే పాలిచ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చింది. ఈలోగా దిష్టి భయం మరిచిపోయిన అత్తగారు అద్దం మీద వేళ్లతో కొడుతూ, "ఓసి పిచ్చిమొహమా, తల పైకి పెట్టవే, తల!" అని నీలను కేకలేస్తోంది. ఆవిణ్ణి ఆపడం ఎవరి వల్లా కాలేదు. బిడ్డ కీచు గొంతు మాత్రం సన్నబడిపోయింది. పదకొండున్నరకు పట్నాయక్ గారు మత్తు తుపాకీతో వచ్చి తలుపు పక్కన నిలబడ్డారు.

పన్నెండుకు కాస్త ముందు హైమ పాపకు పాలు తాగుతూ తాగుతూ పొలమారింది. హైమ దాన్ని నిటారుగా ఎత్తి, వీపు నిమిరి, మళ్లీ రొమ్ముకు ఆనించుకుంది. నీల అంతా కన్నార్పకుండా చూసింది. తలకిందులుగా పట్టుకున్న తన బిడ్డను నెమ్మదిగా తిప్పింది. తల పైకొచ్చింది. వీపు మీద ఒకసారి తట్టి గుండెలకు అదుముకుంది. బిడ్డ నోటితో తడుముకుంటూ తడుముకుంటూ చివరికి అందుకుంది. నీల ఉలిక్కిపడి కిందికి చూసింది గానీ, తోసెయ్యలేదు.

పట్నాయక్ గారు తుపాకీ గోడకు ఆనించి కుర్చీలో కూలబడ్డారు. అత్తగారు "అమ్మయ్య, నా తల్లే, నా బంగారమే!" అంటూ నీలకు అద్దంలోంచే మెటికలు విరిచింది. హైమకు కన్నీళ్లు ఆగడం లేదు.

"చూశారా గురువుగారూ! నా ప్రశ్నకు జవాబు దొరికిపోయింది. మన పద్ధతే సరైనది. ఇంక అనుమానమే లేదు!"

దాలయ్య అద్దం దగ్గరికి వెళ్లి ఆ తల్లీబిడ్డలను చూశాడు.

"నీల మొదటిసారి సీసాడు పాలూ తాగీసిన రోజున," అన్నాడు, "నానూ సంతోసం పట్టలేక ఇలాగే ఏడిసినాను తల్లీ."