గవర్రాజు చోటు

అనగనగా అనగానే మీరంతా రాజుగారి కోసం చూస్తారు, నాకు తెలుసు. ఈ కథలో రాజు పేరులోనే ఉన్నాడు. మనిషేమో గొడుగులు బాగుచేసుకు బతికేవాడు. సముద్రపు ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్లో గవర్రాజు. ఏ కాలమని అడక్కండి, మా అమ్మమ్మ చిన్నప్పటికే ఇది పాత కథ.

ఒకసారి ఆ ఊరికి నాటకాలవాళ్లు వచ్చారు. వాళ్ల ఫొటో పెట్టెకి ముందుండే మడతల తిత్తి చిరిగిపోతే, ఇంక పనికిరాదని పారేసి పోయారు. గవర్రాజు ఊరుకుంటాడా? గొడుగు గుడ్డతో అతుకు వేశాడు. పెట్టె పనిచేసింది. ఇంక మనవాణ్ణి పట్టుకోగలమా! చేతిలో పని అయితే చాలు, పెట్టె భుజానేసుకుని సంతకి, రేవుకి, మంగలి పాకకి.

అయితే ఆ ఊరికో భయం ఉండేది. బతికుండగా ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తరిగిపోతుందట. మనిషి పోయాకే కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, పట్నం నుంచి ఫొటోలాయన్ని పిలిపించేవాళ్లు. అందుకని గవర్రాజు మనుషుల జోలికి పోలేదు. చింతపండు రాశులు, మంగలి పాక, ఒడ్డున ఆరేసిన తెప్పలు, ఇవే తీసేవాడు. తీసే ముందు గట్టిగా కేకేసేవాడు.

"అడ్డం తప్పుకోండి బాబూ!"

జనం పరుగో పరుగు. అయినా ఎవరో ఒకరు బొమ్మలో పడనే పడతారు. అప్పుడేం చేసేవాడంటే, ఇంటికెళ్లి, పెట్టెలోంచి తీసిన, బొమ్మ పడ్డ గాజు పలక మీద సన్నటి కుంచెతో ఎర్రరంగు పూసేవాడు. రంగు పూసిన చోట కాగితం మీది బొమ్మలో తెల్లగా వస్తుంది. మనిషి మాయం! చింతపండు దగ్గర బిందె పట్టుకున్న ముసలమ్మ మాయం. పాక దగ్గర గెడ్డం గీయించుకునే ఆసామి మాయం. తెప్పల దగ్గర ఎవడో మాయం. ఎంత శుభ్రంగా ఉందో చూడండని తెగ మురిసిపోయేవాడు.

ఒకనాటి పొద్దున్న నూకాలు వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. చంకలో కూతురు పోలి. మొగుడు దానయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరాలేదు, అప్పటికి పోలి ఇంకా కడుపులో ఉంది.

"బావూ, మా ఆయన్ని నువ్వెప్పుడైనా తీసావా?"

"మనుషుల్ని తియ్యను కదమ్మా నేను."

"తెలుసు. అయినా అడుగుతున్నాను. శవమైనా దొరికుంటే కుర్చీలో కూకోబెట్టి తీయించుకుందును. అదీ నేదు. మొన్నమొన్నటిదాకా కళ్లు మూస్తే మొకం కనిపించేది బావూ. ఇప్పుడు మీసం వస్తంది, మొకం రావట్లేదు. ఈ గుంటకి మీ అయ్య ఎలాగుంటాడని సెప్పను?"

గవర్రాజు జాలిపడి ఉన్నవన్నీ ముందు పెట్టాడు. చింతపండు రాశులు చూసింది. "ఇక్కడ నేదు." మంగలి పాక చూసింది. "ఇక్కడా నేదు." తెప్పల బొమ్మ చూసింది. చూసి, వేలు పెట్టింది.

"ఇది మా తెప్పే. దీని పక్కన ఈ తెల్లటిదేటి?"

గవర్రాజుకి ఆ రోజు గుర్తొచ్చింది. అడ్డం తప్పుకో అని ఒకసారి అరిచాడు, రెండుసార్లు అరిచాడు, మూడుసార్లు అరిచాడు. ఆ మనిషి కదలలేదు. తెప్పకి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. గవర్రాజు ఒళ్లుమండి, ఆ మనిషి మీద నిండా రంగు పూసేశాడు.

"అది నేనే పూసేశానమ్మా. ఎవరో అడ్డం వచ్చాడని..."

నూకాలు తిట్టలేదు. తిట్టినా బాగుండును.

"అడ్డమేటి బావూ? ఆడి తెప్ప పక్కన ఆడు నిలబడ్డాడు."

గవర్రాజుకి తల ఎత్తబుద్ధి కాలేదు. రంగు నీళ్లకి పోతుంది. కానీ బొమ్మ ఉండే పొర పాలమీద మీగడంత పల్చన. తడి ఎక్కువైతే రంగుతో పాటు మనిషీ లేచిపోతాడు. ఇంకో పలక లేదు. ఆ మాటే చెప్పి, ఏం చెయ్యమంటావని అడిగాడు.

"ఆడు ఎర్రరంగు కింద దాక్కుంటే నాకేటి లాభం? కానియ్యి బావూ."

తడిపిన దూదితో అద్దాడు. భుజం తేలింది. మళ్లీ అద్దాడు. తెడ్డు తేలింది. మూడోసారి "నా తల్లీ, నా తల్లీ" అనుకుంటూ అద్దాడు. తల తేలింది. కానీ గాజు మీద అంతా తారుమారు, తెలుపు నలుపు, నలుపు తెలుపు. మొకం నిలిచిందో లేదో కాగితం మీద చూస్తేగానీ తెలీదు.

పలక కింద మందు పూసిన కాగితం పెట్టి వాకిట్లో ఎండలో ఉంచాడు. ముగ్గురూ గొంతుక్కూర్చున్నారు. ముందు తెప్ప వచ్చింది. తర్వాత తెడ్డు వచ్చింది. ఆ తర్వాత, మెల్లమెల్లగా, దానయ్య వచ్చాడు.

"పళ్లికిలిస్తన్నాడు సూడు, సచ్చినోడు!" అని నూకాలు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే భోరుమంది. పోలి ఆ బొమ్మ మీద అరిచెయ్యి వేసి తియ్యనంటే తియ్యనంది.

ఆ సాయంత్రానికి ఊరు ఊరంతా వచ్చి దానయ్యని చూసిపోయింది. ఫొటోలో పడితే ఆయుష్షు తరిగేదైతే, ఎప్పుడో పడ్డ బిందె ముసలమ్మ ఇంకా గుండ్రాయిలా ఎలా ఉంది? భయం ఎటుపోయిందో పోయింది. గవర్రాజు పూసిన రంగంతా కడిగేశాడు. బిందె ముసలమ్మ తిరిగొచ్చింది, గెడ్డం ఆసామి తిరిగొచ్చాడు. ఆనాటి నుంచి కేక మారిపోయింది. "అంచున ఎవరున్నారు? లోపలికి రండి బాబూ!"

అలా తీస్తూ తీస్తూ ముసలివాడయ్యాడు, ఒకనాడు పోయాడు. దండ వేద్దామని చూస్తే అతని ఫొటో ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? ఎప్పుడూ పెట్టె వెనకే కదా ఉండేవాడు.

తర్వాత పోలి పెళ్లి. పట్నం ఫొటోలాయన వచ్చి పెళ్లివారిని సర్ది నిలబెట్టాడు. నూకాలు అంచున ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది.

"అది గవర్రాజు బావుది" అంది.

"పోయినాయనకి చోటేమిటమ్మా? బొమ్మలో ఖాళీగా కనపడుతుంది."

"ఖాళీగా ఎందుకుంటాది?" అని, వీధిలో పోతున్న గాజులమ్మే ఆమెని కేకేసి, తెచ్చి ఆ చోట నిలబెట్టింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో అంతే. ఏ ఫొటో తీసినా అంచున ఒక చోటు వదులుతారు. దారినపోయేవాళ్లని పిలుస్తారు. "రండి, గవర్రాజు చోటు ఖాళీగా ఉంది" అంటారు. మీరు వెళ్లినా వదలరు, తల దువ్వుకునేదాకా కూడా ఆగరు. ఏ ఇంటి గోడ మీద చూసినా చివర్న ఒక కొత్త మొకం ఉంటుంది. ఈయన మనకేమవుతాడని పిల్లలు అడుగుతారు.

"మనకేమీ కాడురా" అంటారు పెద్దవాళ్లు. "ఎవరికో కావలసినవాడు."