నిండుకున్న రేవు

గోదాం గురువుగారికి ఒక అలవాటుంది. ప్రశ్న పట్టుకుని ఎవరొచ్చినా ముందు "భోంచేశావా?" అని అడుగుతారు. చెయ్యలేదంటే అన్నం పెడతారు, చేశానంటే ఇంకాస్త పెడతారు. తిన్నాక సగంమంది ప్రశ్న మరిచిపోయి లేచిపోతారు. "అది ప్రశ్న కాదన్నమాట, ఆకలి" అంటారాయన.

మా గోనెలంకవాళ్ళకి ఆయన సంగతి చెప్పక్కర్లేదు గాని, పైవాళ్ళ కోసం చెబుతున్నాను. గోదావరి పాయ ఒడ్డునున్న మా ఊరు ఒకప్పుడు పెద్ద రేవు. జనపనార మిల్లు, రెండు బియ్యం మిల్లులు, పడవలు బాగుచేసే షెడ్డు, తెల్లారకుండానే ఊరంతటినీ లేపే సైరను, గట్టు పొడుగునా రంగూను పోయే ఓడలు. అవన్నీ కళ్ళారా చూసినవాళ్ళం ఇంకో పదిమందిమి ఉంటాం. గురువుగారు ఆ రోజుల్లో రేవులో ఆవిరి క్రేను తోలేవారు. ఇసుక మేటవేసి ఓడలు రావడం మానేశాక, మిల్లు కూడా మూతబడ్డాక, ఖాళీ అయిన గోనెల గోదాములోనే మకాం పెట్టేశారు. కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు. అయినా జనం గురువుగారూ అన్నారు, ఆయనా కాదనలేదు.

ఇప్పుడు ఊరికి దిగువన కొత్త జెట్టీ వెలిసింది. బార్జీల మీద యంత్రాలూ రాయీ వచ్చిపోతున్నాయి. అక్కడ నీటి లోతులు కొలిచే ఉద్యోగం లోవరాజుది. మా ఊరివాడే, ముప్ఫై ఏళ్ళుంటాయి, బాగా చదువుకున్నాడు. ఆదివారం ఆదివారం వచ్చి గురువుగారి దగ్గర కూర్చునేవాడు.

కిందటి భాద్రపదంలో ఒకరోజు పొద్దున్నే చేతిలో కాగితంతో వచ్చాడు. ఆదివారం కాదు. ముఖం చూస్తే కంటికి కునుకు లేనట్టుంది.

"గురువుగారూ, ఒక్కటి తేల్చి చెప్పండి. ఈ రేవు బతికుందా, చచ్చిందా? చచ్చినదాన్ని ఇంకెంతకాలం మొయ్యాలి? ముసలాళ్ళంతా పాత రేవుని నెత్తిన పెట్టుకుని మా కొత్త రేవుని ముంచేస్తున్నారు."

నేను అక్కడే అరుగుమీద కూర్చుని ఉన్నాను. నాకు ఒళ్ళు మండింది. ముసలాళ్ళలో నేనూ ఒకణ్ణి కదా! గురువుగారు మాత్రం "ఎవరు ముంచారు నాయనా?" అన్నారు తాపీగా.

ఎవరో నాకు తెలుసు. సరంగు నూకరాజు. వాళ్ళ తాత నాటినుంచీ మా పాయలోకి వచ్చే పడవలకి ముందు నడిచి దారి చూపించడం వాళ్ళ పని. ఆ పనికి గుర్తుగా రేవు ఆఫీసువాళ్ళు తాతకిచ్చిన ఇత్తడి బిళ్ళ ఇవాళ్టికీ నూకరాజు చొక్కామీదే ఉంటుంది. పండగపూట చింతపండు పెట్టి తోముతాడు. డెబ్భై ఏళ్ళొచ్చినా చేతిలో గెడ వదల్లేదు.

అంతకు పదిరోజుల ముందు పెద్ద బాయిలరు వేసుకుని ఒక బార్జీ వచ్చింది. ఎప్పుడూ వచ్చే కొత్తపాయకి అడ్డంగా ఇంకో బార్జీ చెడిపోయి పడుంది. లోవరాజు లోతులు కొలిచే మిషను రిపేరుకి వెళ్ళింది. మలుపు దగ్గర నాటుపడవలో నూకరాజు గెడవేసి లోతు చూస్తున్నాడు. జెట్టీమీంచి లోవరాజు కేకేశాడు.

"తాతా, పాతరేవు వైపు ఎలా ఉంది?"

"పాతరేవు నిండుకుంది బాబో!"

ఎగువ ఏజెన్సీలో వానలు పడి ఏరు ఎర్రగా పారుతోంది. ఆ వరద చూసి లోవరాజు వాకీటాకీ అందుకుని "పాతరేవు నిండుగా ఉంది, వచ్చెయ్" అని బార్జీవాడికి చెప్పాడు. వాడు వచ్చాడు, బురదలో కూరుకుపోయాడు. బాయిలరు ఒరిగి ఇద్దరు కూలీలకి కాళ్ళు విరిగాయి. విచారణలో ఆఫీసరు నూకరాజుని అడిగింది ఒకటే మాట: "నిండుకుందని అన్నావా?" నూకరాజు చేతులు కట్టుకుని "ఆయ్, అన్నానండి" అన్నాడు. అంతటితో సరి.

"నూకరాజు లోతు తప్పు చెప్పాడని నేను సంతకం పెట్టాలి" అన్నాడు లోవరాజు కాగితం చూపిస్తూ. "పెడితే తాత బిళ్ళ తీసేసుకుంటారు, ఇక ఏట్లో అడుగు పెట్టనివ్వరు. పెట్టకపోతే తప్పెవరిదని నన్ను నిలబెడతారు. నా ఉద్యోగం పర్మనెంటు కావలసిన ఏడాదండీ ఇది. ఉన్నమాటే కదా రాస్తున్నాను! మరెందుకో చెయ్యి ఆడ్డంలేదు."

గురువుగారు కాగితం చదవలేదు. "భోంచేశావా?" అన్నారు.

"లేదండి."

"ఆదెమ్మా, ఇవాళ లోవరాజు ఇక్కడే తింటాడమ్మా" అని లోపలికి కేకేశారు. ఆదెమ్మ ఆ గోదాములో వంటచేసే మనిషి. మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యో, ఎసరు పెట్టేశానండీ. డబ్బా తీద్దును కదా, బియ్యం నిండుకున్నాయి" అంది.

"నిండుకున్నాయా!" గురువుగారి ముఖం వెలిగిపోయింది. "మంచిమాట చెప్పావు తల్లీ. లోవరాజూ, లేచి వెళ్ళు. జెట్టీలో కూలీలు పాతికమంది ఉంటారుగా, అందర్నీ భోజనానికి పిలుచుకురా."

ఆదెమ్మ నోటిమీద వేలేసుకుంది. లోవరాజుకి అంత దిగుల్లోనూ నవ్వాగలేదు.

"భలేవారే గురువుగారూ! క్రేను తోలినవారికి వంటిల్లేం తెలుస్తుంది లెండి. నిండుకున్నాయంటే డబ్బా నిండా ఉన్నాయని కాదండీ, అయిపోయాయని. బియ్యం లేవు అంటే లక్ష్మి వింటుందని ఆడవాళ్ళు అలా అంటారు. మా అమ్మ కూడా డబ్బా అడుగంటినప్పుడల్లా నిండుకు..."

ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. నవ్వు కూడా ఎటుపోయిందో పోయింది. కాసేపు నన్ను చూశాడు, కాసేపు కాగితం చూసుకున్నాడు. గురువుగారు తలవంచుకుని పంచె అంచుకున్న దారప్పోగు తెంపుకుంటున్నారు. నాకైతే ఆ క్షణాన లోవరాజు మీద ఉన్న కోపమంతా కరిగిపోయి, పాపం అనిపించింది. ఏట్లో పుట్టి ఏటి మాట మరిచిపోవడం వాడొక్కడి తప్పా?

వాడు అరుగుమీదే చతికిలబడ్డాడు. కాగితం వెనక్కి తిప్పి రాశాడు. సరంగు నూకరాజు నీళ్ళు లేవనే చెప్పాడనీ, ఆ మాట అర్థంకాక ఉన్నాయని బార్జీకి చెప్పింది తనేననీ, తప్పు తనదనీ రాసి, కింద సంతకం పెట్టాడు. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

పావుగంటకి నూకరాజుని వెంటబెట్టుకుని వచ్చాడు. లోవరాజు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆఫీసరు ముందు చెప్పొచ్చు కదా తాతా! నీళ్ళు లేవనే అన్నాను మొర్రో అని ఒక్క అరుపు అరవొచ్చు కదా!"

"అడిగిందానికి చెప్పాను బాబూ. అన్నావా అన్నారు, అన్నానన్నాను" అన్నాడు నూకరాజు. "ఆయనంటే పైనుంచొచ్చినాయన. పక్కన నువ్వున్నావు కదా, మన రేవు బిడ్డవి, విప్పి చెబుతావులే అనుకున్నాను. చెప్పలేదు. ఏం ఇబ్బందో నీకు అనుకున్నాను."

లోవరాజు ముసలాయన చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఊరుకో, ఊరుకో. మీ అమ్మ బతికుంటే గరిటె పుచ్చుకునేది" అని నూకరాజు వాడి వీపు తట్టాడు. "అది కాదు బాబూ, గోదారి తల్లి మీద నిలబడి ఆ తల్లి దగ్గరే నీళ్ళు లేవంటానా? మా తాత అన్లేదు, మా నాన్న అన్లేదు. ఆఖరి ఓడ వెళ్ళిపోయిన నాడు కూడా రేవు నిండుకుందనే అన్నారు."

ఈలోగా ఆదెమ్మ ఎసరు పొయ్యిమీదే ఉంచి, పక్కింటినుంచి కొంగులో బియ్యం పోయించుకుని వచ్చింది. కాసేపటికి నలుగురం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. సోలెడు బియ్యం నలుగురికి ఏ మూలకి! అయినా అందరికీ తలో ముద్దా దక్కింది. కాగితం లోవరాజు జేబులోనే ఉంది. సాయంత్రం ఆఫీసులో ఇవ్వాలి. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ పరమాత్ముడికే తెలియాలి. తింటున్నవాడల్లా తలెత్తాడు.

"గురువుగారూ, మరి నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఈ రేవు బతికున్నట్టా, చచ్చినట్టా?"

గురువుగారు మజ్జిగ కలుపుకుంటూ వంటింటి వైపు చూశారు.

"ఆదెమ్మ బియ్యం నిండుకున్నాయంది గాని, ఎసరు దించిందా నాయనా?"