గవరమ్మ బ్రౌజర్‌కి పడని ఎక్స్‌టెన్షన్

"బ్రౌజర్లో రాజుగారి ఎక్స్‌టెన్షన్ పెట్టనివాళ్ళకి కొరడా దెబ్బలహో!"

వీధి చివర ఆ దండోరా వినగానే పూటకూళ్ళ గవరమ్మ చేతిలో గరిటె జారిపోయింది. ఆ రాజ్యంలో రాజులూ ఉన్నారు, కంప్యూటర్లూ ఉన్నాయి మరి! ఊరందరికీ ఉన్న ఒక్క కంప్యూటరూ ఆమె వసారాలోనే ఉంది. అన్నానికి వచ్చినవాళ్ళు రాజుగారిని తిట్టుకుంటూ ఉత్తరాలు రాసుకునేది అందులోనే. బ్రౌజర్‌కి తగిలించే ఆ ఎక్స్‌టెన్షన్ పెడితే తెరిచిన ప్రతి పేజీ రాజుగారికి చేరిపోతుంది, వాళ్ళంతా చెరసాలకే.

అంతలో కొత్వాలు రానే వచ్చాడు. "పెట్టవే, చూస్తావేం?"

గవరమ్మ ఎక్స్‌టెన్షన్ పెట్టే మీట నొక్కి, తెర చూసింది. "అయ్యా, కొన్ని బ్రౌజర్లు పెట్టమంటారా అని ఒక్కమాటు అడిగి ఊరుకుంటాయట. మాది రాజుగారిని ఏయే పేజీలు చదవనివ్వాలో చెప్పమని అడుగుతోంది."

"అన్నీ! ఒక్కటి వదిలావో, తోలు వలిపిస్తా!"

"పొరుగు రాజుగారి కొలువు కోసం మీరు రాసుకుంటున్న అర్జీ కూడానా అయ్యా? మొన్న తెరిచి అలాగే వదిలేసి వెళ్ళారు."

కొత్వాలు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆగాగు, నొక్కకు తల్లీ! అన్ని ఎక్స్‌టెన్షన్లూ అన్ని బ్రౌజర్లకీ పడవు. నీదానికి పడలేదని రాజుగారికి నేనే చెబుతాను."

"చిత్తం. మరి విస్తరి వెయ్యమంటారా?"

అన్నానికి వచ్చి, అంతసేపూ గోడకి అంటుకుపోయి ఉన్నవాళ్ళంతా మెల్లిగా వచ్చి, కొత్వాలుకి అటూ ఇటూ కూర్చుని అన్నం కలుపుకున్నారు.