తీతువు అరవడం నేర్చుకున్న వేసవి

ఒకప్పుడు తీతువు పిట్ట అరిచేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. ఇప్పుడు మనిషి నీడ పడితే చాలు, చెవులు చిల్లులు పడేలా గోల పెడుతుంది కదా? ఆ పిట్టదే ఒకప్పుడు అడవి మొత్తంలోకీ చిన్న గొంతు. పక్కన కూర్చుని చెవి ఒగ్గితే తప్ప వినపడేది కాదు. అప్పుడు దాని రొమ్ము మీద నలుపు లేదు. కళ్ళ ముందు ఆ ఎర్రటి తోలూ లేదు. ఒళ్ళంతా తెలుపూ, లేత మట్టిరంగూ.

గూడు కూడా ఇలా రాళ్ళ మధ్య పెట్టేది కాదు. ఇప్పచెట్ల దగ్గర రాలిన ఆకుల్లో మెత్తగా గుంట చేసుకుని గుడ్లు పెట్టేది. నాలుగే గుడ్లు. వాటిని పొదుగుతూ సన్నగా ఏదో పాడుకునేది. తన గొంతంటే దానికి మహా గర్వం లెండి. "కాకిలా అరవడం నాకు చేతకాదమ్మా" అని అందరితో అనేది.

ఆ రోజుల్లో ఎండాకాలం కూడా మర్యాద తెలిసిన చుట్టంలా ఉండేది. రావలసినప్పుడు వచ్చేది, వెళ్ళవలసినప్పుడు వెళ్ళేది. పడమటి గాలి చల్లగా వీచేది. తెల్లవారేసరికి ప్రతి ఆకు మీదా మంచు ఉండేది.

ఆ అడవిగుట్ట కింద పల్లెలో ఉంగమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఇప్పపూలు ఏరడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఇప్పపువ్వు సంగతి మీకు తెలుసా? దాన్ని చెట్టెక్కి కొయ్యరు. తెల్లవారుజామున తనంతట తానే టప్పు టప్పుమని రాలుతుంది. గోళీకాయంత ఉంటుంది, తియ్యగా ఉంటుంది. కానీ ఎండుటాకుల్లో పడితే ఎవరికి దొరుకుతుంది? అందుకని పూలు రాలే ముందు చెట్టు కింద ఆకులకి నిప్పు పెడతారు. నేల శుభ్రమవుతుంది, పువ్వు పువ్వూ కనపడుతుంది. ఉంగమ్మ అలాగే చేసేది. వాళ్ళమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మమ్మా అలాగే చేసింది.

నిప్పంటే భయపడే పని లేదు అప్పుడు. చెట్టు చుట్టూ మంచుకి తడిసిన ఆకులే. ఉంగమ్మ చెట్టు మొదట్లో ఊడ్చి కుప్ప చేసిన ఆకులు మాత్రం కాలేవి. మంట అటూ ఇటూ పాకి, తడి తగలగానే బుస్సుమని చచ్చేది.

నిప్పు పెట్టే ముందు ఉంగమ్మ మూడుసార్లు చప్పట్లు కొట్టేది.

"బిడ్డా, పొగ వస్తుంది. కాసేపు కళ్ళు మూసుకో" అనేది.

"సరే అవ్వా" అని తీతువు దూరంగా తడి ఆకుల్లోంచి సన్నగా పలికేది. ఉంగమ్మకి ఆ మాట వినపడేది కాదు. అయినా పలికే ఉంటుందిలే అనుకుని నిప్పు పెట్టేది. పూలు ఏరుకున్నాక, పూలకి పట్టిన పురుగులన్నీ దులిపి పిట్ట ముందు పోసి వెళ్ళేది. అలా ఎన్నో ఏళ్ళు హాయిగా గడిచాయి.

తర్వాత రోజులు మారాయి.

ఒక ఏడు మంచు ఆలస్యంగా వచ్చింది. ఇంకో ఏడు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయింది. ఆ పై ఏడు అసలు రానే లేదు. చలికాలం పూర్తి కాకుండానే ఎండ కుర్చీ వేసుక్కూర్చుంది. వాగు సన్నబడి, దాటితే పాదం కూడా తడవని స్థితికి వచ్చింది. గుట్ట కింద పల్లెలో ఇద్దరు ముసలివాళ్ళు మిట్టమధ్యాహ్నం కట్టెలు తెస్తూ వడదెబ్బకి పడిపోయారు. మళ్ళీ లేవలేదు.

తీతువు గుడ్ల మీద కూర్చుంటే కింద ఆకులు గరగరమన్నాయి. ముక్కుతో ఒక ఆకు తీసి నొక్కింది. పొడి పొడి అయిపోయింది.

అప్పుడే పడమటి గాలి వచ్చింది. ఎప్పుడూ చల్లగా తగిలే గాలి, ఈసారి పొయ్యిలోంచి వచ్చినట్టు తగిలింది.

"గాలి మామా! ఏమిటిలా ఉన్నావు? ఒళ్ళు కాలిపోతోంది నీకు" అంది తీతువు.

"జ్వరమే తల్లీ" అంది గాలి, దగ్గుతూ. "ఎన్ని రోజులైనా దిగడం లేదు. నేను వచ్చే దారిలో, గుట్టలకి అవతల, మనుషులు నేల తవ్వి నల్లరాళ్ళు తీస్తున్నారు. రాత్రీ పగలూ కాలుస్తున్నారు. ఆ పొగ పైకి వెళ్ళి పోవడం లేదు. ఆకాశం మీద కంబళిలా పరుచుకుంది. ఎండాకాలం కంబళి కప్పుకుంటే ఎవరికి మాత్రం జ్వరం రాదు చెప్పు?"

"మరి మంచు ఏదీ?"

"నా వెంటే బయలుదేరింది. నా వేడికే దారిలో ఆవిరైపోయింది." గాలికి ఏడుపొచ్చింది. "చిన్నప్పటి నుంచీ నా చెయ్యి పట్టుకుని నడిచిన పిల్ల అది."

తీతువు తన కింది ఆకుల వంక చూసుకుంది. మంచు లేదు, ఆకులన్నీ ఎండిపోయాయి. ఉంగమ్మవ్వ రేపో ఎల్లుండో నిప్పు పెట్టడానికి వస్తుంది. ఈసారి ఆ మంటని ఆపేవాళ్ళు ఎవరు?

మర్నాడు పొద్దున్నే ఉంగమ్మ రానే వచ్చింది. చేతిలో బుట్ట, కొంగున అగ్గిపెట్టె. ఆ ఏడు ఎండకి ఇప్పచెట్టు కూడా తొందరపడి మొగ్గలు వేసేసింది. ఇంకాస్త ఆలస్యమైతే పూలన్నీ ఆకుల్లో పడి కుళ్ళిపోతాయని ఉంగమ్మ హడావిడి.

మూడుసార్లు చప్పట్లు కొట్టింది. "బిడ్డా, పొగ వస్తుంది. కళ్ళు మూసుకో."

"వద్దు అవ్వా! ఈ ఏడు వద్దు! ఆకుల్లో తడి లేదు!" అంది తీతువు. తనకున్న గొంతుతోనే అంది. ఉంగమ్మకి వినపడలేదు.

చెట్టు మీద నుంచి కాకి కోప్పడింది. "ఏమే, గొణుగుతావేం? గట్టిగా అరువు! నీ గుడ్లకి నిప్పంటుకోబోతుంటే మర్యాదలేమిటి?"

"అరుస్తా, అరుస్తా" అంది తీతువు. నోరు తెరిచింది. సిగ్గేసింది. చూడండి దాని పిచ్చితనం! ఎన్నేళ్ళుగానో చిన్న గొంతు, చిన్న గొంతు అని అందరూ మెచ్చుకుంటే, అదే తన గొప్ప అనుకుంది. ఇంకోసారి మెల్లగానే చెప్పి చూద్దాం, అవ్వ మంచిది, వింటుంది అనుకుంది.

ఈలోగా ఉంగమ్మ అగ్గిపుల్ల గీసింది.

మంట చెట్టు మొదట్లో లేచింది. ఎప్పటిలాగే అటూ ఇటూ పాకింది. తడి కోసం వెతుక్కుంది పాపం. దొరకలేదు. ఎండుటాకుల మీదికి ఎక్కింది. సరిగ్గా అప్పుడే గాలికి దగ్గు తెర వచ్చింది.

"మామా, ఆపుకో! కాసేపు ఆపుకో!" అంది తీతువు.

"నా వల్ల కావడం లేదు తల్లీ" అంటూనే గాలి గట్టిగా దగ్గింది. ఒక్క దగ్గుకి మంట ముప్పై అడుగులు దూకింది.

తీతువు లేచి వాగు దగ్గరికి ఎగిరింది. అక్కడ మిగిలిన కాసిని నీళ్ళలో పొట్ట ముంచింది. ఈకలు తడిసేదాకా కూర్చుని, ఎగిరి వచ్చి గుడ్ల మీద ఆ తడి పిండింది. మళ్ళీ వాగుకి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి మంట గూటి చుట్టూ ఉంది. అయినా మంటలోకే వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. రొమ్ము మాడింది. కళ్ళ ముందు తోలు కాలి ఎర్రబడింది. పొగ గొంతులోకి పోయింది.

అప్పుడు అరిచింది తీతువు. పుట్టాక మొదటిసారి అరిచింది. ఆ అరుపుకి అడవిలో జింకలు ఉలిక్కిపడి పరుగెత్తాయి. కుందేళ్ళు బొరియల్లోంచి దూకి పారిపోయాయి. ఎన్నో ప్రాణాలు ఆ ఒక్క అరుపుతో బతికాయి. ఉంగమ్మకీ వినపడింది, ఈసారి బాగా వినపడింది.

"అయ్యో నా బిడ్డా!" అంటూ ఉంగమ్మ పచ్చికొమ్మ విరిచి మంటని బాదుతూ లోపలికొచ్చింది. పిట్టని ఒడిసి పట్టుకుని చీర చెంగులో చుట్టింది. గుడ్ల కోసం వంగి చెయ్యి పెట్టింది. గుడ్లు నల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే చిట్లిపోయాయి.

మూడు రోజులు కాలింది ఆ గుట్ట. పల్లె మీదికి పొగ దిగింది. పసిపిల్లలు దగ్గి దగ్గి నిద్రపోలేదు. మందులాకులు తెద్దామంటే ఆ మొక్కలూ కాలిపోయాయి. మంట ఆరాక చూస్తే ఇప్పచెట్టుకి ఒక్క పువ్వు లేదు.

ఉంగమ్మ మంచాన పడింది. మంటలో మింగిన పొగ ఆవిడ రొమ్ములోనే ఉండిపోయింది. ఊపిరి తీస్తే పిల్లనగ్రోవిలా ఈల వచ్చేది. తీతువు రోజూ వచ్చి గుడిసె చూరు మీద కూర్చునేది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళు.

ఒకరోజు ఉంగమ్మే అంది. "బిడ్డా, నువ్వు ముందే చెప్పావా?"

"చెప్పానవ్వా." తీతువు గొంతు బొంగురుగా, కర్కశంగా వచ్చింది. దానికే భయమేసింది. "మెల్లగా చెప్పాను. సిగ్గుపడ్డాను. నా గుడ్లని నేనే పోగొట్టుకున్నాను."

"నువ్వు కాదే. మా అమ్మ నేర్పిన పని నేను చేశాను. అమ్మ రోజుల్లో మంచుండేది. అది లేదని నేను చూసుకోలేదు." ఉంగమ్మ కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాయి. "నా చేత్తోనే నీ పిల్లల్ని కాల్చాను కదమ్మా."

తీతువు చూరు దిగి మంచం పట్టె మీద వాలింది. ముసలావిడ దాని మాడిన రొమ్ము మీద చెయ్యి వేసింది.

"నా గొంతు పోయిందవ్వా. ఇంక పాట రాదు."

"పోతే పోయింది. ఈ గొంతు అందరికీ వినపడుతుంది. ఇక మీద ఎవరు నిప్పు పట్టుకొచ్చినా, ఎవరు కనపడినా, అరువు. తిట్టినా అరువు. కొట్టినా అరువు. నాకు మాటియ్యి."

తీతువు మాట ఇచ్చింది. ఆ మధ్యాహ్నమే గాలి మళ్ళీ వేడిగా లేచింది. ఏ పొయ్యిలోంచి ఏ నిప్పురవ్వ ఎగురుతుందోనని తీతువు పల్లె మీదికి వెళ్ళింది. ఇంటింటి మీదా తిరుగుతూ గొంతు చించుకుని అరిచింది. "ఆకులు ఎండాయి! గాలికి జ్వరం తగ్గలేదు! నిప్పు జాగ్రత్త!"

దాని మాట తెలిసింది ఉంగమ్మకే, పల్లెలో ఇంకెవరికీ అర్థం కాలేదు. అరుపు మాత్రం వినపడింది. సరిగ్గా ఆ వేళకే గుడిసెలో ఉంగమ్మ ఊపిరి ఆగిపోయింది.

"చూశారా, ఈ పాడుపిట్ట అరిచింది, ముసలమ్మ పోయింది!" అన్నారు జనం. చీపురు విసిరారు, రాళ్ళు రువ్వారు. తీతువు ఒక్కతే పాడెకి పైన ఎగురుతూ శ్మశానం దాకా వెళ్ళింది. అక్కడా అరిచింది. చితికి నిప్పు పెడుతున్నారు కదా, మాట ఇచ్చింది కదా.

అప్పటినుంచే తీతువు రొమ్ము నల్లగా ఉంటుంది, కళ్ళ ముందు తోలు ఎర్రగా ఉంటుంది. అప్పటినుంచే అది ఆకుల్లో గూడు కట్టదు. కాలడానికి ఏమీ లేని చోట, రాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకుంటుంది. ఎండ ముదిరితే నీళ్ళకి పోయి పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. వడగాలి దాని పక్క నుంచి పోయేటప్పుడు తలవంచుకుని మూలుగుతూ పోతుంది.

అప్పటినుంచే మనిషి కనపడగానే తీతువు అరుస్తుంది. ఆ అరుపు వినగానే మనం చావు కబురని తలుపులు వేసుకుంటాం. అది మూసిన తలుపు మీదుగా ఇంకో ఇంటికి ఎగిరి, అక్కడా అరుస్తుంది.